కొక్కెం మీద తాళంచెవి

మామకి కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. మామూలప్పుడు "ఏమోయ్, నువ్వు" అనే మనిషి, చిర్రెత్తుకొచ్చిందంటే "అల్లుడుగారూ, తమరు" అంటాడు. ఆ రోజు పొద్దున్నే లారీ యార్డు గేటు దగ్గర ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "దయచేయండి అల్లుడుగారూ, తమరి కోసమే బండి ఆపాను." ఇవాళ తనకి మూడిందని అల్లుడికి అక్కడే అర్థమైంది.

ముందు అల్లుడి సంగతి చెప్పాలి. ముప్పై అయిదేళ్ళవాడు. పదకొండేళ్ళు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఎక్కడైనా ఒత్తు తప్పితే కాల్లో ముల్లు దిగినట్టు గిలగిల్లాడే రకం. ఆ ప్రెస్సు కాస్తా ఏడాది కిందట మూతపడింది. అద్దె ఇల్లు వదిలేసి, పెళ్ళాన్నీ ఆరేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని మామ ఇంట్లో చేరాడు. నెలకి రెండుసార్లు ఇంటికొచ్చే మామ, వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే, "అల్లుడుగారు ఉన్నారా, వెళ్ళారా?" అని గట్టిగా అడిగేవాడు. ఎవర్ని అడిగేవాడో తెలీదు, గోడనే అనుకోవాలి. అల్లుణ్ణి దశమగ్రహం అన్న పెద్దలు, ఆ గ్రహానికి మామ ఇంట్లో ముద్ద ఎలా దిగుతుందో మాత్రం చెప్పలేదు.

ఆ ఏడాదిలో అల్లుడు చేసినవి రెండే పనులు. మామ మాటలు దిగమింగడం, హెవీ లైసెన్సు తెచ్చుకోవడం. మామ పనిచేసే కంపెనీలోనే డ్రైవర్లు కావాలన్నారు. అక్కడి పద్ధతి ఒకటే. కొత్తవాడు ఒక రోజంతా సీనియర్ పక్కన కూర్చోవాలి, కొంత దూరం తను నడపాలి, చివర్న ఆ సీనియర్ ఫారం మీద 'పనికొస్తాడు' అనో 'పనికిరాడు' అనో రాసి సంతకం పెట్టాలి. మేనేజరు నవ్వుతూ అతన్ని మామ బండికే రాశాడు. "ఇంట్లోవాళ్ళేగా, సర్దుకుపోతారు" అన్నాడట. ఆ మేనేజరుకి ఇల్లూ వాకిలీ ఉన్నట్టు లేదు.

ఇంట్లో ఇంకో పేచీ. భార్యకి లారీ పేరెత్తితే ఒళ్ళుమంట. "నాకు నడక వచ్చిందని మా నాన్నకి ఫోన్లో చెప్పారు. నాకు జ్వరం వచ్చిందనీ ఫోన్లోనే, తగ్గిందనీ ఫోన్లోనే. నా కూతురికి ఆ రాత వద్దు" అంది. అని ఊరుకోలేదు, తనే కాళ్ళరిగేలా తిరిగి ఒక ఆసుపత్రి రికార్డు గదిలో పని చూసిపెట్టింది. పాత ఫైళ్ళు సర్దే పని. "సాయంత్రంలోగా వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. వెళ్ళు, ఆ లారీ ఏదో ఎక్కి చూసుకో. చూశాక తాడో పేడో తేల్చుకో. లారీయే అంటే మాత్రం నాతో మాట్లాడకు." ఇంతా చెప్పి, అన్నం డబ్బా చేతికివ్వకుండా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

రికార్డు గది తలుచుకుంటేనే అల్లుడికి ఊపిరాడలేదు. మళ్ళీ కాగితాలు, మళ్ళీ దుమ్ము, మళ్ళీ ఎవడో ఒకరోజు తాళం వేసేసే గది. లారీ అయితే ఈ ఏడు మామ గుమ్మం దిగొచ్చు. అందుకు ఆ సంతకం కావాలి. అది పెట్టాల్సిన చెయ్యి మామది. అదీ అతని అవస్థ.

బండి గేటు దాటుతుంటే అక్కడ టీ తాగుతున్న డ్రైవర్లు గోల చేశారు. మామని వాళ్ళు ఉరుము అంటారు. "ఏం ఉరుమన్నా, ఇవాళ ఫైలుని కూడా ఎక్కించుకున్నావే!" అని ఒకడు అరిచాడు. ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చున్న అల్లుడికి చెవులు ఎర్రబడ్డాయి. మామ నవ్వలేదు, వారించనూ లేదు.

పెద్ద రోడ్డు ఎక్కాక అడిగాడు. "ఎందుకోయ్ నీకీ పని?"

"బతకాలి కదా మామయ్యా."

"బతకడానికి ఇదొక్కటే దొరికిందా? నా నడుం చూశావా? కిందికి దిగితే రెండు నిమిషాలు తలుపు పట్టుకుని నిలబడాలి. రెండు గంటలు నడుపుతావు, ఆరు గంటలు గోడౌను బయట లైన్లో పడుంటావు. కునుకు తీశావా, వెనకోడు ముందుకెళ్ళిపోతాడు. ఎక్కడ తినాలో, ఎక్కడ ఒంటేలు పోసుకోవాలో గేటు దగ్గర కుర్చీ వేసుకున్నవాడు చెప్తాడు. వాడు నీ కొడుకు వయసువాడై ఉంటాడు. నిన్ను ఒరేయ్ అంటాడు."

"మరి మీరు ముప్పై ఏళ్ళు ఎలా చేశారు?"

"ముప్పై ఒకటి. గీత కూడా పడనివ్వలేదు బండికి. ఇంకో రెండేళ్ళలో దండ వేసి పంపిస్తారు." అని ఆగాడు. తర్వాత గొంతు మారింది, మర్యాద పెరిగింది. "నాకు చదువు రాదు గనక చేశాను. తమరికి వచ్చు కదా అల్లుడుగారూ. చదువుకున్నవాళ్ళు కూడా ఈ సీటు మీదే పడితే, చదువురాని వెధవలం మేమెక్కడికి పోవాలి? ఆ ఆసుపత్రిలో నన్ను ఫైళ్ళు సర్దమంటారా?"

అంతవరకూ అల్లుడు మామది ఉత్త కడుపుమంట అనుకున్నాడు. ఇందులో ఒక న్యాయం ఉందని తెలియగానే ఇంకా చికాకేసింది. తిట్టేవాడి దగ్గర న్యాయం కూడా ఉంటే ఇక మనం ఏం పెట్టుకుని తిట్టాలి?

ఊరు దాటాక మామ సీటు ఇచ్చాడు. ఇచ్చాడన్న మాటే గానీ, నోరు మాత్రం ఇవ్వలేదు. "గేరు మార్చు, గేదెని అదిలించినట్టు ఆ గుంజుడేంటి! అద్దం చూడు. ముందుది కాదు, పక్కది. ఆ స్కూటరువాడి పెళ్ళాం నీకు దణ్ణం పెట్టాలా?" నలభై నిమిషాలు ఇదే పాట. అయినా అల్లుడికి హాయిగా ఉంది. అంత ఎత్తున కూర్చుని రోడ్డు అంతా కిందుగా కనిపిస్తుంటే, అంత బరువు తన కాలి కింద మెల్లగా మాట వింటుంటే, ఏడాదిగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. ఈ పనే చేస్తాను, ఆమె మాట్లాడకపోతే నెలరోజులు మాట్లాడదు, తర్వాత తనే మాట్లాడుతుంది అనుకున్నాడు. మగవాళ్ళ లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి.

గోడౌను దగ్గర మామ మళ్ళీ స్టీరింగ్ లాక్కున్నాడు. అక్కడ గోడ పొడుగునా వరసగా పన్నెండు తలుపులు. బండి వెనక్కి పోనిచ్చి, వెనక భాగం సరిగ్గా తలుపుకి ఆనించాలి. అప్పుడు మధ్యలో ఒక ఇనుపరేకు వేస్తారు. దాని మీదుగా ఫోర్క్‌లిఫ్ట్ బండి లోపలికి వచ్చి సరుకు పెట్టి పోతుంది. మామ ఏడో తలుపుకి ఒక్క పట్టున ఆనించాడు, బొటనవేలి సందు కూడా లేదు. అల్లుడు మనసులోనే చప్పట్లు కొట్టాడు. పైకి కొడితే చస్తాడు.

అక్కడొక నియమం. లోడు ఎక్కుతున్నంతసేపూ బండి తాళంచెవి కిటికీలో ఇచ్చెయ్యాలి. లోపల గోడకి పన్నెండు కొక్కేలు, తలుపు నంబరు ప్రకారం తాళంచెవి వేలాడదీస్తారు. ఫోర్క్‌లిఫ్ట్ లోపల ఉండగా ఏ డ్రైవరూ బండి కదపకూడదని. మామ వెళ్ళి ఇచ్చొచ్చాడు. ఏడో కొక్కేనికి తాళంచెవి వేలాడింది. తీరా కేబిన్ ఎక్కాక జేబులోంచి ఇంకో తాళంచెవి తీసి, తిప్పి, ఫ్యాన్ వేసుకున్నాడు.

"అదేంటి మామయ్యా?"

"వాడికిచ్చింది తుక్కుకింద అమ్మేసిన పాత బండిది. ఈ ఎండలో ఫ్యాన్ లేకుండా వేగమంటావా? సీనియర్లం అందరం అంతే. నోర్మూసుకుని నేర్చుకో."

కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి బండి చిన్నగా ఊగింది. "ఒకటి" అన్నాడు కళ్ళు తెరవకుండా. మళ్ళీ ఊగింది. "రెండు." అదీ ఆయన విద్య. ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి వచ్చినప్పుడల్లా కేబిన్ ఊగుతుంది. ఈ లోడులో సరుకు కట్టిన దిమ్మలు ఇరవై రెండు, ఊపులూ ఇరవై రెండు. ఇరవై రెండో ఊపు ఆగగానే బండి రెండడుగులు ముందుకి లాగి, వెనక తలుపులు మూసేసి, కాగితాలు తీసుకుని, మిగతావాళ్ళు ఆవలించేలోపు గేటు దగ్గర లైన్లో నిలబడతాడు. నిద్రలో కూడా లెక్క తప్పనని గొప్ప. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషి, తాను లెక్కపెట్టిన ఊపు తప్పు అవుతుందని ఎందుకనుకుంటాడు?

"ఇరవై రెండు" అని లేచాడు. ఇంజను వేశాడు.

అల్లుడు తన వైపు అద్దంలోకి చూశాడు. ప్రూఫులు దిద్దినవాడి కళ్ళు, ఊరికే ఉండవు. తలుపు పక్కన గోడ మీద, లోడు ఇంకా అవలేదని చెప్పే ఎర్రలైటు వెలుగుతోంది.

"మామయ్యా, ఎర్రలైటు ఉంది."

"అది పాడై ఆర్నెల్లయింది."

"ఆగండి మామయ్యా, ఒక్కసారి దిగి చూస్తాను."

"తమరు కూర్చోండి అల్లుడుగారూ!" అని గేరు వేశాడు.

బండి కదిలింది. వెనకనుంచి ఆడమనిషి కేక వినిపించింది. అల్లుడు ముందుకి పడి, డాష్‌బోర్డు మీది బ్రేకు నాబ్ పట్టుకుని శక్తికొద్దీ లాగాడు. బుస్సున గాలి వదిలి చక్రాలన్నీ బిగుసుకున్నాయి. మామ నుదురు స్టీరింగ్‌కి కొట్టుకుంది.

జరిగింది ఇది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆవిడ ఇరవయ్యో దిమ్మ వంకరగా పడిందని, సరుకు లేకుండా మళ్ళీ లోపలికి వచ్చి దాన్ని సర్దింది. ఆ ఊపునీ మామ లెక్కలో వేసుకున్నాడు. అసలు ఇరవై రెండోది తీసుకుని ఆవిడ ఇనుపరేకు మీద ఉండగా బండి జానెడు ముందుకి జరిగింది. రేకు ఒక పక్కకి జారింది. ముందు చక్రాలు లారీలో, వెనక చక్రాలు గోడౌను అంచున, ఫోర్క్‌లిఫ్ట్ పక్కకి ఒరిగి నిలబడిపోయింది. ఇంకో అడుగు పోయి ఉంటే ఆవిడ దాని కిందే ఉండేది.

ఆవిడ ఎలా దిగిందో దిగింది. యాభై ఏళ్ళు దాటిన మనిషి. నేరుగా కేబిన్ దగ్గరికొచ్చి తలుపు బాదింది. "ఎవడ్రా ఆ సీట్లో ఉన్నది? దిగరా కిందికి! నా ప్రాణం మీ కంటికి గడ్డిపరకలా కనిపించిందా? మీ అమ్మ వయసుదాన్ని కదరా!"

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి మామా అల్లుళ్ళిద్దరూ కింద నిలబడి ఉన్నారు. ఏడో కొక్కెం మీది తాళంచెవి ఆ సూపర్‌వైజరు చేతిలోనే ఉంది. కేబిన్ ఎక్కి దాన్ని పెట్టి తిప్పాడు. తిరగలేదు. దిగి ఇద్దరి మొహాలూ చూశాడు. "దొంగ తాళం ఇచ్చి బండి కదిపింది ఎవరు?"

మామ తడుముకోలేదు. "మా అల్లుడండి. ఇవాళే కొత్త. నేను ఒంటేలుకి దిగాను. రెండో తాళంచెవి ఇతని దగ్గరే ఉంది. కంగారుపడ్డాడు."

మామ అల్లుడి వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. ఏడాదిపాటు తిన్న అన్నం గుర్తుచేస్తున్న చూపు అది.

ఆ నాలుగు క్షణాల్లో అల్లుడు అన్నీ ఆలోచించాడు. అవునంటే ఏమవుతుంది? తనకి ఈ ఉద్యోగం రాదు, అంతే. మామకి రెండేళ్ళూ గడిచిపోతాయి. భార్య కోరుకున్న రికార్డు గది ఎలాగూ ఉంది. అందరూ బాగుంటారు. ఒక్క అబద్ధంతో ఇల్లంతా చల్లబడుతుంది.

"నా మొహం చూసి చెప్పవయ్యా" అంది ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడ. "నన్ను చంపబోయింది నువ్వేనా?"

"కాదు" అన్నాడు అల్లుడు. "ఆయనే. లైటు ఉందని చెప్పినా వినలేదు. బ్రేకు లాగింది నేను."

నిజమే చెప్పాడు. రేపు ఇంకో గోడౌనులో ఇంకో మనిషి రేకు మీద ఉంటుందనీ అనిపించింది, అదీ నిజమే. కానీ చెబుతుంటే నాలుక మీద తియ్యగా తగిలింది. ఏడాదిగా మింగిందంతా ఒక్కసారి కక్కినట్టయింది. అందులో నిజాయితీ ఎంతో, కసి ఎంతో, అతనికే తెలియదు. సిగ్గేసింది గానీ, వెనక్కి తీసుకోలేదు.

ఫోన్ల మీద ఫోన్లు వెళ్ళాయి. గంటలో తేలిపోయింది. మేనేజరు గొంతు స్పీకర్లో వినిపించింది. "ముప్పై ఒక్క ఏళ్ళయినా మూడొందల ఏళ్ళయినా దొంగ తాళం దొంగ తాళమే. నువ్విక సీట్లో కూర్చోవద్దు. నీ అల్లుడికి లైసెన్సు ఉందిగా, బండి అతన్నే తెమ్మను. యార్డుకొచ్చి నీ పాసు ఇచ్చేసి వెళ్ళు."

తోలొద్దనిపించుకుని పక్క సీట్లో కూర్చోవడం మామకి జీవితంలో ఇదే మొదటిసారి. పొద్దున పెట్టుకోని బెల్టు ఎక్కడుందో ఆయన చెయ్యి రెండుసార్లు వెతుక్కుంది. దారి పొడుగునా ఒక్క తిట్టు లేదు. గేరు గుంజినా అనలేదు. అద్దం చూడు అనలేదు. పొద్దుట హాయిగా ఉన్న సీటు ఇప్పుడు అల్లుడికి ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. తిట్టు మామయ్యా, తిట్టవేం అని అరవాలనిపించింది. యాభై కిలోమీటర్లూ అలాగే తోలాడు.

యార్డులో బండి ఆపగానే మామ చెయ్యి చాపాడు. "ఫారం."

"ఇప్పుడెందుకు మామయ్యా?"

"పొద్దుట్నించి తమరి పక్కన కూర్చున్నది నేనే కదండీ? రాయాల్సింది నేనే. ఇవ్వండి."

ఫారం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో అక్షరం చెక్కినట్టు రాశాడు. అల్లుడు చదువుకున్నాడు. 'బ్రేకు సమయానికి లాగినాడు. మనిషి బతికినది. పనికొస్తాడు.' కింద సంతకం. రెండు ఒత్తులు తప్పాయి. అల్లుడు దిద్దలేదు.

"నీ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది" అన్నాడు మామ. "చచ్చేదాకా మండుతుంది. కానీ బ్రేకు లాగింది నువ్వు. అది నాకు రాయక తప్పదు."

అల్లుడు ఫారం వెనక్కి చాపాడు. "నాకు వద్దు మామయ్యా ఈ పని. నేను ఆ ఆసుపత్రికే వెళ్తాను."

అప్పుడు ఉరిమాడు మామ. యార్డులో తలలన్నీ ఇటు తిరిగాయి. "ఏంటీ? వద్దా? నా సీటు ఊడబీకి ఇప్పుడు వద్దా? ఇంట్లో మీ అత్తతో కలిపి అయిదుగురం ఉన్నాం. ఆ ఫైళ్ళ గదిలో వచ్చేది నీ ఒక్కడి కూరకి కూడా చాలదు. ఇన్నాళ్ళూ నేను తోలితే నువ్వు కూర్చుని తిన్నావు. ఇక నువ్వు తోలు. ఇష్టమో కష్టమో పొద్దున చూసుకోవాల్సింది. ఇప్పుడు వద్దన్నావంటే ఇక్కడే నరికి పోగులు పెడతాను!"

ఆఫీసు గదిలో మేనేజరు ఫారం చూసి తలాడించాడు. మనిషి తక్కువైన బండి అది, ఆపుకోలేడు. రేపు పొద్దున ఆరింటికి రమ్మన్నాడు. మామ పాసు బల్లమీద పెట్టి, ఎవరితోనూ చెప్పకుండా బయటికొచ్చాడు.

గేటు దగ్గర ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. అప్పుడు భార్య ఫోన్ చేసింది. రోడ్డు మీద హోరుకి వినపడక అల్లుడు స్పీకరు పెట్టాడు.

"ఆసుపత్రివాళ్ళు అడుగుతున్నారు. ఏం తేల్చుకున్నావ్?"

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. మీ నాన్న ఇక బండి ఎక్కరని చెప్పాడు. రేపు ఆరింటికి తను ఎక్కుతున్నానని చెప్పాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"నీకూ నీ మామకీ ఒక దణ్ణం" అంది. "దీనికి మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

ఫోను కూతురి చేతిలోకి వెళ్ళింది. "నాన్నా, నువ్వు లారీలో వెళ్తున్నావా? మళ్ళీ ఎప్పుడొస్తావ్?"

అల్లుడికి తెలీదు. మొదటి ట్రిప్పు ఎక్కడికో కూడా మేనేజరు చెప్పలేదు. ఏం చెప్పాలో తోచక మామ వైపు చూశాడు. మామ బస్సు వచ్చే దిక్కుకే చూస్తున్నాడు.

"రెండ్రోజులని చెప్పు" అన్నాడు మొహం తిప్పకుండా. "చిన్నప్పుడు వాళ్ళమ్మకి నేనెప్పుడూ అదే చెప్పేవాణ్ణి."

"రెండ్రోజుల్లో వచ్చేస్తానమ్మా" అన్నాడు అల్లుడు.